హెవీ లైసెన్సు ఒక్కటే ఉంటే యూరప్‌లో లారీ తోలవచ్చా?

చెన్నై శివారు మాధవరం, రెడ్‌హిల్స్ యార్డుల్లో లోడు కోసం కాచుకొని ఉండే నెల్లూరు, సూళ్లూరుపేట కంటైనర్ డ్రైవర్ల ఫోన్లలో కొంతకాలంగా ఒక వీడియో తిరుగుతోంది. మన హెవీ లైసెన్సు ఉంటే చాలునని, పరీక్షలేవీ ఉండవని, ఏజెంటుకు నాలుగు లక్షలు కడితే విజిట్ వీసా మీద యూరప్ చేరి అక్కడే వర్క్ పర్మిట్ పొందవచ్చునని, నెలకు మూడు లక్షలు చేతికి వస్తాయని అందులో చెబుతున్నారు. యూరప్‌లో డ్రైవర్ల కొరత ఉన్న మాట నిజం. పోలండ్, లిథువేనియా కంపెనీలు బయటి దేశాల వారిని తీసుకుంటున్న మాటా నిజమే. ఆ రెండు నిజాల చాటున తక్కినదంతా చెల్లుబాటవుతోంది.

మొదటిది, లైసెన్సు చాలునన్న మాట. మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఏడాదిపాటు, చూడవచ్చిన వారి కోసం ఉద్దేశించినది. అది ఉద్యోగానికి అర్హత కాదు. జర్మనీలో కాపురం పెట్టిన భారతీయుడికి ఇక్కడి లైసెన్సు 6 నెలలే చెల్లుతుంది, ఆ తరువాత అక్కడి రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ నెగ్గాలి. ఆ 6 నెలల్లోనైనా జీతానికి సరుకు లారీ తోలాలంటే ‘కోడ్ 95’ అనే వృత్తి అర్హత ఉండి తీరాలి. యూరోపియన్ యూనియన్ దేశాల కంపెనీల్లో పనిచేసే బయటి దేశాల వారికి కూడా వర్తించే ఈ అర్హతకు పూర్తి శిక్షణ 280 గంటలు, త్వరిత మార్గంలోనైతే 140 గంటలు. పిమ్మట పరీక్ష, ఆపైన ప్రతి 5 ఏళ్లకు 35 గంటల పునశ్చరణ. శిక్షణ లేకుండా పరీక్ష మాత్రమే రాసే వీలును కొన్ని దేశాలు ఇస్తున్నాయి గాని, పరీక్షే లేని దేశం ఒక్కటీ లేదు. ఆ పరీక్షను తెలుగులోనో తమిళంలోనో రాయనివ్వరు. ఎన్నూరు రేవు రద్దీలో నలభై అడుగుల ట్రైలర్‌ను వెనక్కి పెట్టగల నేర్పు మన వాళ్లకు ఉందనడంలో సందేహం లేదు. అక్కడ అడిగేది నేర్పుతో పాటు దానికి కాగితం కూడా.

రెండవది, మూడు లక్షల జీతం. లిథువేనియా వంటి చోట్ల అంతర్జాతీయ రూట్లలో చేతికొచ్చే మొత్తంలో పెద్ద భాగం దినబత్తా. బండి మీద దేశం బయట ఉన్న రోజులకే అది వస్తుంది. సెలవు తీసుకుంటే, జబ్బు పడితే మిగిలేది చిన్నదైన మూల వేతనమే. ఆ బత్తాలోనే తిండి గడవాలి కూడా. వీడియోలో చూపే అంకె ఇల్లు చూడకుండా వారాల తరబడి రోడ్డు మీదే గడిపిన నెలది. రాత్రీ పగలూ తోలి ఇంకో ట్రిప్పు కొడదామంటే, బండి తోలిన గంటలను నమోదు చేసే టాకోగ్రాఫ్ యంత్రం ఒప్పుకోదు: రోజుకు 9 గంటలు, వారంలో రెండుసార్లు మాత్రం 10, నాలుగున్నర గంటలకొకసారి 45 నిమిషాల విరామం, వారానికి 56, రెండు వారాలకు కలిపి 90 గంటలు. ఈ నియమం డ్రైవర్‌కు మేలే, మన రోడ్ల మీదా ఇంత కచ్చితంగా అమలైతే బాగుండును. కాని ఎక్కువ తోలి ఎక్కువ సంపాదించవచ్చునన్న ఆశకు అక్కడ తావు లేదు.

విజిట్ వీసా సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ పర్యాటక వీసా 180 రోజుల్లో 90 రోజుల బసకే గాని పనికి కాదు. పనికి పిలిచే కంపెనీ పర్మిట్‌ను ముందే తీస్తుంది, దాని మీద వర్క్ వీసా ఇక్కడే స్టాంపు అవుతుంది.

ఇక నాలుగు లక్షల ఫీజు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 వలస చట్టం కింద నమోదై ఉండాలి, అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము రూ.30,000కు, దానిపై జీఎస్టీకి మించరాదు. ఏజెంటు లైసెన్సు నంబరును కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా సరిచూడవచ్చు. చెన్నైలోనే వలస సంరక్షణాధికారి కార్యాలయం ఉంది. కెనడా పేరుతో తిరుగుతున్న ఇలాంటి వీడియోలలో ఎల్‌ఎంఐఏ (విదేశీ కార్మికుడిని పెట్టుకోవడానికి యజమాని అక్కడి ప్రభుత్వం నుంచి పొందే అనుమతి) కోసమంటూ అడుగుతున్న సొమ్మూ ఇలాంటిదే: ఆ దరఖాస్తు రుసుము 1,000 కెనడా డాలర్లను యజమానే కట్టాలి, కార్మికుడి నుంచి రాబట్టుకోవడం అక్కడ నిషిద్ధం.