జనంలో నిలబడి పట్టిన పాట

ఈ రోజుల్లో ఏ కచేరీకి వెళ్లినా పాట మొదలవగానే వేల ఫోన్లు పైకి లేస్తాయి. ఇంటికి చేరాక చూస్తే ఒక్కరి దగ్గరైనా ఒక్క పాట మొదటి నుంచి చివరి దాకా ఉండదు. పల్లవి ముక్క, దీపాల హంగామా, మధ్యలో మన మొహం, అంతే. రికార్డు చేసే సాధనం ప్రతి జేబులోనూ ఉన్న కాలంలో ఇంత అరకొరగా రికార్డు చేస్తున్నామేమిటా అని నాకు చిరాకు. దీనికి కారణం అమెరికన్ రాక్ అభిమానులు కచేరీల్లో తామే రికార్డు చేసి పోగేసిన పాత క్యాసెట్లు. వాటిని వినడం అలవాటైనవాడికి ముప్పై సెకన్ల వీడియోలు ఆనవు.

కాలిఫోర్నియాలో 1965లో మొదలైన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం, 1995 ఆగస్టులో గిటారిస్టు జెర్రీ గార్సియా పోయేదాకా రెండు వేలకు పైగా కచేరీలు చేసింది. ఇవాళ పాడిన పాటల వరుస రేపు ఉండదు. పాట మధ్యలో వాద్యం ఎటు మళ్లుతుందో ఒక్కోసారి వాయించేవాళ్లకే తెలియదు. ఒక ఊళ్లో విన్నది మరో ఊళ్లో దొరకదని గ్రహించిన శ్రోతలు 1970ల తొలినాళ్లలోనే రికార్డర్లు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. వాళ్ల టేపుల మార్పిడి కోసం 1974లో పుట్టిన చిన్న పత్రిక రెలిక్స్ తర్వాత పూర్తిస్థాయి సంగీత పత్రికగా ఎదిగింది. బృందం చాలాకాలం చూసీచూడనట్టు ఊరుకుంది. చివరికి మైకు స్టాండ్లు గుంపులుగా లేచి వెనకవాళ్లకు వేదిక కనబడకుండా పోయింది, శబ్దం చూసుకునే ఇంజినీరుకూ అడ్డమైంది. 1984 అక్టోబరులో బర్క్‌లీ కచేరీల నుంచి సౌండ్‌బోర్డు (వేదిక మీది మైకుల శబ్దాలన్నీ కలిపి సరిచూసే యంత్రం) వెనక టేపర్లకు, అంటే ఇలా రికార్డు చేసుకునేవాళ్లకు, విడిగా చోటు కేటాయించి, విడిగా టికెట్లు ఇవ్వడం మొదలైంది. షరతు ఒక్కటే: టేపులు అమ్మకూడదు.

ఆ చోట జరిగే పని చూడముచ్చటైనది. మంచి మైకులు అందరికీ ఉండేవి కావు. ఉన్నవాడి రికార్డరులోంచి పక్కవాడు తీగ లాగి తన యంత్రానికి కలుపుకునేవాడు, అతని దాంట్లోంచి ఇంకొకడు. అలా ఒకే మైకుల జత వెనక వరసగా అరడజను యంత్రాలు తిరిగేవి. తొంభై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు పట్టేది నలభై అయిదు నిమిషాలే. బృందమేమో ఆపకుండా ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుతూ అరగంట వాయిస్తోంది. వైపు తిప్పేది ఎప్పుడు? చుట్టూ జనం ఊగిపోతుంటే టేపరు మాత్రం కదలకుండా గడియారం చూసుకుంటూ ఉండాలి. మైకు దగ్గర చప్పట్లు కొట్టకూడదు, ఈల వేయకూడదు, కబుర్లాడేవాడిని సైగతో ఆపాలి. టికెట్టు కొనుక్కుని వచ్చి తన ఆనందాన్ని తానే వాయిదా వేసుకునే మనిషంటే నాకు గౌరవం.

క్యాసెట్టు పెట్టెలోని అట్టముక్క మీద రాత ఇంకా ముచ్చట. తేదీ, ఊరు, హాలు పేరు ఉంటాయి. ఏ వైపు ఏ పాటలున్నాయో ఉంటుంది. ఆపకుండా మరో పాట అందుకున్న చోట చిన్న బాణం గుర్తు. కింద ఏ మైకులు, ఏ రికార్డరు, అసలు టేపుకు ఇది ఎన్నో తరం కాపీ. ఈ చివరి వివరం కోసమే ఆరితేరిన సేకర్తలు ముందు కిందికి చూస్తారు. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఎక్కించిన ప్రతిసారీ బుస పెరుగుతుంది. రెండు యంత్రాల వేగాల్లో కాస్త తేడా ఉన్నా శ్రుతి మారుతుంది. అయిదో ఆరో తరానికి వచ్చేసరికి పాట వెనక్కి పోయి బుస ముందుకొస్తుంది. అందుకే మొదటి తరం కాపీ ఉన్నవాడికి అంత మర్యాద.

సేకర్తల మధ్య పాత తగువు ఒకటుంది. సౌండ్‌బోర్డు నుంచి నేరుగా తీసిన టేపు గొప్పదా, జనంలో తీసినదా? నాది జనం పక్షం. చిన్న హాళ్లలో గిటారు ఆంప్లిఫయరు, డ్రమ్ముల మోత వేదిక మీది నుంచే అందరికీ వినిపిస్తాయి. కనుక ఇంజినీరు బోర్డులో వాటిని తగ్గించి గొంతు పెంచుతాడు. హాల్లో లెక్క సరిపోతుంది. బోర్డు టేపులో మాత్రం గొంతు మీద పడుతుంది, గిటారు ఎక్కడో ఉంటుంది. శుభ్రంగానే ఉంటుంది కానీ, ఆ రాత్రి ఆ హాల్లో కూర్చున్న ఎవరూ అలా వినలేదు. జనం టేపులో గది ఉంటుంది. రెండు స్వరాలకే పాట గుర్తుపట్టి ఎవరో వేసిన కేక, అది అర్థమై మెల్లగా వెనక వరసలకు పాకిన అరుపు ఉంటాయి. బోర్డు టేపునూ జనం టేపునూ కలిపి, జత కుదిర్చి వినిపించే పద్ధతీ ఉంది. బాగుంటుంది, కాదనను. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో గ్రేట్‌ఫుల్ డెడ్ తరఫున బెట్టీ కాంటర్-జాక్సన్ పట్టిన బోర్డు టేపునూ కాదనను. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల 2011 జాబితాలో దాన్ని చేర్చింది. అయితే అధికారికంగా విడుదలైంది 2017లో. అంతవరకూ దానికి పేరు తెచ్చినవాళ్లు చేతులు మార్చుకున్న అభిమానులే.

అన్ని బృందాలూ ఇంత ఉదారంగా లేవు. లెడ్ జెప్లిన్ మేనేజరు పీటర్ గ్రాంట్ కంట రికార్డరు పడితే దానికి నూకలు చెల్లినట్టే. ఆ బృందం కచేరీలకు లాస్ ఏంజెలెస్‌లో మైక్ మిలార్డ్ అనే ఆయన చక్రాల కుర్చీలో వచ్చి, సీటు కింద నకమిచి రికార్డరు దాచి టేపులు పట్టేవాడు. కాళ్లు బాగానే ఉన్న మనిషి! ఆ ఎత్తు నాకు రుచించదు. కానీ 1977 జూన్ 21న ఫోరం హాలులో ఆయన పట్టిన టేపు వింటే తిట్టడానికి నోరు రాదు. ఇక 1969 నుంచి ఇలాంటివాటిని దొంగ ఎల్పీలుగా అచ్చేసి అమ్ముకున్నవాళ్ల గురించి చెప్పుకోవలసింది తక్కువ. డబ్బు కోసం అనుమతి లేకుండా కచేరీ రికార్డు చేయడం అమెరికాలో 1994 నుంచి నేరం. నిజమైన టేపర్లు వాళ్లను ముందునుంచే దగ్గరికి రానివ్వలేదు. ఖాళీ క్యాసెట్లు, తపాలా ఖర్చు పంపితే కాపీ చేసి పంపేవారు.

టేపులు డబ్బు లేకుండా చేతులు మారాలన్న ఆ నియమం ఎంత గట్టిదో 2005 నవంబరులో తెలిసింది. పాత రికార్డింగులను ఉచితంగా అందించే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటు నుంచి గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలను దించుకునే వీలు ఉన్నట్టుండి తొలగించారు. అభిమానులు భగ్గుమన్నారు. బృందంలో బేస్ గిటారు వాయించిన ఫిల్ లెష్ కూడా ఆ నిర్ణయం తనకు నచ్చలేదన్నాడు. కొద్ది రోజులకే జనం పట్టిన టేపులు మళ్లీ దించుకోవడానికి వచ్చాయి. బోర్డు టేపులను మాత్రం అక్కడే వినాలన్నారు. నాకు ఇది న్యాయంగానే తోచింది. బోర్డు బృందానిది, టేపరు చెమట టేపరుది.

టేపు మీద హాలు పేరు సరిగా రాయకపోతే ఏమవుతుందో బాబ్ డిలన్ 1966 కచేరీ చూస్తే తెలుస్తుంది. అది జనం పట్టిన టేపు కాదు, అయినా పాఠం ఒకటే. మాంచెస్టర్‌లో జరిగిన కచేరీ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు పేరుతో దశాబ్దాల పాటు చలామణీ అయింది. 1998లో అధికారికంగా విడుదల చేసినప్పుడు సైతం ఆ తప్పు పేరునే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వేయాల్సి వచ్చింది.

ఇదంతా మన తెలుగు సంఘం పత్రికలో ఎందుకంటారా? మన వేదికల మీదా ఒక్కసారే జరిగి మాయమయ్యేవి ఉన్నాయి. అష్టావధానంలో పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యకు అప్పటికప్పుడు వచ్చిన పూరణ మళ్లీ రాదు. కచేరీలో విద్వాంసుడు ఆ పూట పాడిన రాగాలాపన మర్నాడు అలాగే పాడలేడు. కర్ణాటక సంగీత రసికుల్లో కచేరీ టేపులు చేతులు మారే అలవాటు ఎప్పటినుంచో ఉంది. మన సంఘాల్లో మాత్రం సన్మానం శాలువా ఫోటోలు పదిలంగా ఉంటాయి, అవధానం పూర్తి ఆడియో ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. హాల్లో మంచి చోట రెండు మైకులు నిలబెట్టి, కళాకారుల అనుమతి ముందే తీసుకుని, ఆది నుంచి మంగళం దాకా పట్టే ఒక్క మనిషిని ప్రతి కార్యక్రమానికీ నియమించాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. దీనికయ్యే ఖర్చు పూలదండల ఖర్చు దాటదు.

పాతవాటి సంగతి ఇంకా తొందర. 1971లో ఘంటసాల అమెరికా వచ్చి పాడారు. ఆ తర్వాత వచ్చిన నాటక సమాజాలు, హరికథా భాగవతులు, కవులు ఎందరో. ఆ సభల్లో టేపు రికార్డరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవారు మనలో ఇప్పటికీ ఉండవచ్చు. బేస్‌మెంటులో స్పూలు టేపో క్యాసెట్టో దొరికితే వెంటనే యంత్రంలో పెట్టి తిప్పకండి. ఆనాటి కొన్ని రకాల టేపుల్లో జిగురు పొర తేమ పీల్చుకుని మెత్తబడి ఉంటుంది, తిప్పితే ఊడిపోతుంది. ఆ పని తెలిసినవారి చేత ఎక్కించాలి. అంతకన్నా ముందు, పెట్టె మీద ఏమి రాసి ఉన్నా, అది కోడి కెలికినట్టున్నా సరే, ఫోటో తీసి పెట్టుకోండి. ఏమీ రాసి లేకపోతే ఆ సభకు వెళ్లిన పెద్దవారికి ఫోన్ చేసి, తేదీ, ఊరు, పక్కన మృదంగం ఎవరు వాయించారో ఈ వారమే అడగండి.