ఎవరు? ఎక్కడ? ఎలా ఉన్నాడు?

జపాన్‌లో ఇంగ్లీష్ చెప్పుకుని బతికేవాళ్లకి ఉద్యోగం మారడం చట్టం దృష్టిలో పెద్ద విషయం కాదు. పక్కనున్న దక్షిణ కొరియాలో అయితే ఒప్పందం మధ్యలో మారాలంటే పాత యజమాని రిలీజ్ లెటర్ ఇవ్వాలి. ఆయన మొహం చూసి, ఆయన మూడ్ చూసి అడగాలి. ఇక్కడ ఆ బాధ లేదు. మానేసిన 14 రోజుల్లోగా ఇమిగ్రేషన్ వాళ్లకి ఫలానా చోట మానేశానని, చేరిన 14 రోజుల్లోగా ఫలానా చోట చేరానని చెప్తే చాలు. ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. పిల్లల మామూలు బడి నుంచి ప్రైవేటు ఇంగ్లీష్ సంస్థకో, అక్కణ్ణుంచి మామూలు బడికో దూకితే వీసా రకం మార్చుకోవాలి. నాకు ఆ తలనొప్పి కూడా లేదు. ఒక ఎయ్‌కైవా నుంచి ఇంకో ఎయ్‌కైవాకి, అంటే ఒక ఇంగ్లీష్ మాటల బడి నుంచి ఇంకో ఇంగ్లీష్ మాటల బడికి మారుతున్నాను. రెండూ ఒసాకాలో ఒకే స్టేషన్ దగ్గర, ఒకటి తూర్పు గేటు వైపు, ఒకటి పడమటి గేటు వైపు.

కష్టమంతా మా మేనేజరమ్మకి తెలియకుండా ఇంటర్వ్యూకి వెళ్లిరావడంలో ఉంది. నేనుండే ఫ్లాటు బడి పేరు మీద ఉంది మరి. ఉద్యోగం పోతే మంచం కూడా పోతుంది. మా స్టాఫ్‌రూంలో ఒక ఆస్ట్రేలియా సీనియర్ ఉన్నాడు. 2007 అక్టోబరులో అప్పటి అతిపెద్ద ఎయ్‌కైవా సంస్థ నోవా దివాలా తీసినప్పుడు వేలమంది టీచర్లు జీతాల్లేక రోడ్డున పడ్డారు. వాళ్లలో కొందరు అన్నం పెడితే చాలు, పాఠం చెప్తామన్నారు. ఆ రోజులు చూసినవాడు కనక కొత్తగా ఎవరొచ్చినా ఆయన ఒకటే చెప్తాడు: రెండో కొమ్మ చేతికందేదాకా మొదటిది వదలకు, వదిలే సంగతి మూడో కంటికి తెలియనివ్వకు.

సోమవారం మాకు సెలవు. పడమటి గేటు బడిలో డెమో పాఠం చెప్పమన్నారు. మామూలుగా అక్కడి స్టాఫే చిన్నపిల్లల్లా, ఏమీ రానివాళ్లలా నటిస్తూ కూర్చుంటారు. పెద్దవాళ్లు కావాలని తప్పులు మాట్లాడుతుంటే చూడ్డం అదో నరకం. వీళ్లు మాత్రం, “మా దగ్గర నటన ఉండదు, ఉచిత ట్రయల్‌కి వచ్చిన అసలు విద్యార్థినే కూర్చోబెడతాం” అన్నారు. సంతోషించాను. తలుపు తెరుచుకుంది. మా గురువారం క్లాసు రైల్వే తాతగారు లోపలికి వచ్చారు.

ఈయన రైల్వేలో రిటైరయ్యారు. క్లాసుకి నిమిషం ముందు కాదు, నిమిషం తర్వాత కాదు. జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది, అందులో నేను దగ్గినా రాసుకుంటారేమోనని నా అనుమానం. నన్ను చూసి ఆయన ఆగిపోయారు, ఆయన్ని చూసి నేను ఆగిపోయాను. పాత బడికి తెలియకుండా వచ్చింది నేనొక్కణ్ణే కాదన్నమాట. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం తల వంచి, “నైస్ టు మీట్ యూ” అనుకున్నాం.

నేను డెమో కోసం తయారుచేసుకున్నది దారి చెప్పడం అనే పాఠం. అంతకుముందు గురువారం ఆయనకి చెప్పిందే. అప్పటి మ్యాపు, నింపిన ఖాళీలతో సహా, ఆయన సంచీలోనే ఉండి ఉంటుంది. నేను “పోస్టాఫీసు ఎక్కడ?” అని పూర్తిగా అడగకముందే, “బ్యాంకు దగ్గర ఎడమకి తిరగండి, కుడివైపు రెండో బిల్డింగు” అని ఇంగ్లీషులో అప్పజెప్పేశారు. నేనింకా బోర్డు మీద బ్యాంకు గీయలేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. జాయినింగ్ ఫారంలో ఆయన “మొదటి మెట్టు” అని టిక్కు పెట్టారట. మొదటి మెట్టులో ఉన్న మనిషిని పావుగంటలో ఇంత దూరం తీసుకొచ్చిన గురువుని వాళ్లు అంతవరకూ చూసి ఉండరు. ఉద్యోగం నాదేనని అప్పుడే అర్థమైపోయింది. తాతగారు మాత్రం శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకుంటున్నారు.

గురువారం వచ్చింది. మా క్లాసురూములకి గోడలుండవు, అద్దాలుంటాయి. ఆ వారమే మేనేజరమ్మ పరిశీలనకి వచ్చి, క్లిప్‌బోర్డు పట్టుకుని అద్దానికి అవతలే కుర్చీ వేసుకుంది. మా బడి సిద్ధాంతం ఏమిటంటే టీచరు తక్కువ మాట్లాడాలి, విద్యార్థి ఎక్కువ మాట్లాడాలి, మధ్యలో అడ్డురాకూడదు. క్లాసు మొదట్లో ఒకళ్లు వారం కబుర్లు చెప్తే, మిగతావాళ్లు ఎవరు, ఎక్కడ, ఎందుకు అని తిరిగి అడగాలి. ఈ అడిగే అలవాటు చేయించడానికి నేను నెలల తరబడి గొంతు చించుకున్నాను. ఒక్కళ్లూ నోరు విప్పింది లేదు. “బావుంది” అని నవ్వి ఊరుకునేవారు.

ఆ రోజు తాతగారి వంతు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. “సోమవారం నేనొక టీచరుని కలిశాను” అన్నారు. వ్యాకరణం నూటికి నూరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఎక్కడ?” అంది డెంటిస్టు అమ్మాయి. ఎన్నడూ లేనిది.

“స్టేషనుకి పడమట.”

“ఎవరాయన?” రోజూ నిద్రపోయే కాలేజీ కుర్రాడు లేచి మరీ అడిగాడు.

తాతగారు నా వైపు చూశారు. ఆలోచించారు. “ఇండియా మనిషి. కళ్లజోడు.”

“ఏం పాఠం?”

“దారి చెప్పడం.”

“మనకి పోయినవారం చెప్పిందేగా!” అంది డెంటిస్టు. ఇంత చక్కగా పాఠాన్ని పాఠంతో ముడిపెట్టడం నేను నేర్పిందే. అడ్డురాకూడదు కనక నవ్వుతూ నిలబడ్డాను.

“ఎలా చెప్పాడు?”

తాతగారు నోటుబుక్కు తీశారు, పేజీ తిప్పారు. “బాగా చెప్పాడు. టెన్షన్ పడ్డాడు. ఎక్కువ మాట్లాడతాడు. రెండు నిమిషాలు ఆలస్యంగా ముగించాడు.”

ఆ రెండు నిమిషాల దగ్గర ఆయన గొంతులో నిజమైన బాధ వినిపించింది.

క్లాసు కాగానే మేనేజరమ్మ లోపలికి వచ్చింది. ఏమంటుందో, ఎలా సర్దిచెప్పుకోవాలో అని నేను ఊపిరి బిగబట్టి నిలబడితే, ఆవిడ నన్ను దాటుకుని నేరుగా తాతగారి దగ్గరికి వెళ్లి నడుం వంచింది. మా సేవలో ఏం లోపం జరిగింది, పడమటి గేటు దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చింది అని కళ్లలో నీళ్లొక్కటే తక్కువగా అడిగింది. “ఫ్రీ కదా” అన్నారాయన. పది నిమిషాల్లో ఆయనకి ఏడాది ఫీజులో తగ్గింపు, కొత్త టెక్స్ట్‌బుక్కు, నచ్చిన టైము అన్నీ ఖరారయ్యాయి.

తర్వాత నా వైపు తిరిగి ఒక ఫారం ఇచ్చింది. ఆగమని బతిమాలుతుందని కాదుగానీ, కనీసం “ఎందుకు?” అన్న ప్రశ్న అయినా వస్తుందనుకున్నాను. ఆ రోజు అందరూ ప్రశ్నలడిగారు, ఈవిడ తప్ప. ఫ్లాటు తాళాలు ఏ తేదీకి ఇస్తావు, ఎవరికి ఇస్తావు అని రెండు గళ్లు. కింద ఇంకో వరస. నిరుటి సంపాదన మీద వేసే నివాస పన్ను ఇక్కడ జూన్ నుంచి మే దాకా నెలనెలా జీతంలో కోస్తారు. జనవరి, ఏప్రిల్ మధ్య మానేస్తే మిగిలినదంతా చివరి జీతంలో ఒక్క దెబ్బన తీసేసుకుంటారు. అప్పుడు మార్చి. ఆ చివరి జీతం కాగితం చూస్తే, అందులో నా పేరు తప్ప చెప్పుకోదగ్గదేమీ మిగల్లేదు. మానేసేవాళ్లు స్టాఫందరికీ విడివిడిగా చుట్టిన మిఠాయిలు పంచడం ఇక్కడి మర్యాద కనక ఆ మిగిలింది కూడా దానికే పోయింది. ఆస్ట్రేలియా సీనియర్ రెండు తీసుకుని, “మూడో కన్ను అని చెప్పాను, నోటుబుక్కు గురించి చెప్పడం మర్చిపోయాను” అన్నాడు.

కొత్త బడిలో మొదటి క్లాసు. ఉచిత ట్రయల్ జాబితాలో తెలిసిన ఇంటిపేరు కనిపించి గుండె గుభేలుమంది. గంట కొట్టినట్టు సరిగ్గా టైముకి తలుపు తెరుచుకుని ఒక పెద్దావిడ వచ్చారు. కూర్చుని, సంచీలోంచి చిన్న నోటుబుక్కు తీసి, కొత్త పేజీ తెరిచారు.

“మీరు ఎక్కువ మాట్లాడతారని మావారు చెప్పారు” అన్నారు ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా.