ఒకటో తేదీ పింఛను సరే, మిగతా రోజుల సంగతేంటి?

ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున పుడుతున్నది 1.7 మందేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జనాభా నిలబడాలంటే 2.1 ఉండాలి. అందుకే 2024లో స్థానిక ఎన్నికలకు ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేశారు, ఎక్కువమందిని కనమంటున్నారు. కానీ ఈరోజు పుట్టిన బిడ్డ సంపాదనలో పడేసరికి ఇరవై ఏళ్లు దాటుతుంది. ఉదయగిరి, పామూరు, కనిగిరి పల్లెల్లో ఇప్పటికే అరవై దాటినవాళ్లకు అది అక్కరకొచ్చే మాట కాదు.

ఈ మెట్టలో వయసు పిల్లలు హైదరాబాద్, బెంగళూరు దారి పట్టాక లోటు ముందు తెలిసేది పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర. రెలిచిన (కోసిన) ఆకును వెంటనే కర్రలకు అల్లాలి, పైదాకా ఎక్కి వేలాడదీయాలి, ఐదారు రోజులు రాత్రింబవళ్లు మంట కనిపెట్టుకోవాలి. వేడి తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే ఆగిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. అరవై ఐదేళ్ల మనిషి పైకెక్కలేడు, కూలికి మనుషులు దొరకరు. మనుషుల పని తక్కువని జామాయిల్, సుబాబుల్ చెట్లు వేసుకున్న పొలాలు అందుకే కనిపిస్తాయి.

వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. అందులో కేంద్రం వాటా 79 ఏళ్ల వరకు 200, ఆపైన 500 మాత్రమే. పనిచేసే వయసువాళ్లు తగ్గేకొద్దీ రాష్ట్రానికి ఈ మోత పెరుగుతుంది. కేంద్రం ఇంకా అక్కడే ఆగడం అన్యాయం.

అయినా డబ్బుతో తీరని అవసరమే పెద్దది. ఒకటో తేదీన పింఛను ఇవ్వడానికి సచివాలయ ఉద్యోగి ఎలాగూ గడప తొక్కుతున్నారు. వెంట ఏఎన్ఎమ్మో ఆశానో వెళ్లి బీపీ, షుగర్ చూసి, మిగిలిన మాత్రలు లెక్కపెడితే చాలు. నెలకిచ్చిన 30లో 15 మిగిలాయంటే రోజు విడిచి రోజు వేసుకుంటున్నట్టే. పక్షవాతం వచ్చాక నెల్లూరో ఒంగోలో పరిగెత్తే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

పొలం పిల్లల పేర రాసేవాళ్లకు ఒక్క మాట. దానపత్రంలో 'బతికున్నంత కాలం తిండి, వైద్యం, బాగోగులు చూడాలి' అన్న షరతు తప్పక రాయించండి. పిల్లలు ఆ షరతు తప్పితే 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ పత్రాన్ని రద్దు చేయగలదు. 'ప్రేమాభిమానాలతో' అని మాత్రమే రాసి సంతకం పెట్టినవాళ్లే ఇరుక్కుపోతున్నారు. షరతు ఉందని చూపలేకపోతే ఆ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఫిర్యాదు ఆ ట్రిబ్యునల్ నడిపే ఆర్డీవో దగ్గర ఇవ్వాలి. పిల్లల నుంచి నెలకు 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. కదల్లేనివారి తరఫున వారు ఒప్పుకున్న మనిషి ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. దారి తెలియకపోతే వయోవృద్ధుల సహాయవాణి 14567కి ఫోన్ చేయండి.