ముక్కుసూటిగా ఒక ఫిర్యాదు

బెంగళూరులో ఉంటూ దేన్నైనా తిట్టొచ్చు. సిల్క్ బోర్డు జంక్షన్‌ని తిట్టొచ్చు, అడ్వాన్సు పేరుతో ఆస్తి రాయించుకునే ఇంటి ఓనర్ని తిట్టొచ్చు, నీళ్ల ట్యాంకరువాణ్ణి, ఆటోవాణ్ణి, సాంబారులో బెల్లం వేసేవాణ్ణి తిట్టొచ్చు. పక్కనున్నవాడు తనూ రెండు మాటలు కలుపుతాడు. కానీ 'వెదర్' జోలికి మాత్రం పోకూడదు. పోయామా, అంతసేపూ మనతో కలిసి ఊరిని ఉతికి ఆరేసినవాడు కూడా ఒక్కసారిగా గంభీరమైపోయి, కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, "ఏమైనా చెప్పండి, వెదర్ మాత్రం..." అని ఆపేస్తాడు. ఆ వాక్యాన్ని ఇంతవరకూ ఎవరూ పూర్తి చేయగా నేను వినలేదు. మంత్రానికి క్రియాపదం అక్కర్లేదు.

పదకొండేళ్లుగా ఈ ఊరి గాలి పీలుస్తున్న, అంటే పీల్చడానికి ప్రయత్నిస్తున్న, నేను ఆ వెదర్ మీదే ఫిర్యాదు చేయదలిచాను. అసలు ఫిర్యాదీ నా ముక్కు. అది నోరు విప్పలేని స్థితిలో ఉంది కనుక దాని తరఫున నేను వకాల్తా పుచ్చుకున్నాను.

ముందు ఈ వెదర్‌కి కితాబు ఇచ్చిందెవరో చూద్దాం. 1799లో టిప్పు సుల్తాన్‌ని ఓడించి శ్రీరంగపట్నంలో దండు దిగిన ఇంగ్లీషువాళ్లు అక్కడి దోమలకీ జ్వరాలకీ తాళలేక 1809 నాటికి మూటాముల్లె సర్దుకుని ఇక్కడికొచ్చి పడ్డారు. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన చల్లగాలి తగలగానే వాళ్ల ప్రాణం లేచొచ్చింది. చలిజ్వరంతో మంచం పట్టి లేచినవాడికి ఏ ఊరైనా ఊటీయే. ఆ కితాబునే రెండు వందల ఏళ్లుగా రెన్యువల్ లేకుండా వాడుకుంటున్నాం. 2016 ఏప్రిల్‌లో ఇక్కడి ఎండ 39.2 డిగ్రీలు కొట్టింది. ఆ రోజు కూడా మా ఆఫీసులో ఒకాయన చెమట తుడుచుకుంటూనే "సాయంత్రానికి చల్లబడిపోతుంది చూడండి" అన్నాడు. భక్తి అంటే అది.

ఇక నా కక్షిదారు సంగతి. మనవాళ్లు "నాకు సైనస్ ఉందండీ" అంటారు, వినేవాడికి లేనట్టు. సైనస్ అంటే ముఖం ఎముకల్లో ఉండే గాలిగది. నాలుగు జతలు, ప్రతివాడికీ ఉంటాయి, ఆస్తిపాస్తులతో నిమిత్తం లేదు. వాటిలో పెద్దవి చెంపల వెనకాలవి. ఒక్కోటి పదిహేను మిల్లీలీటర్లు పడుతుంది, అంటే మూడు చెంచాలు. ఈ గది కట్టిన మేస్త్రీ ఎవరో గానీ నీళ్లు పోయే తూముని అడుగున పెట్టకుండా పైన, కప్పు దగ్గర పెట్టాడు. (మా అపార్టుమెంటు బాల్కనీ కట్టింది కూడా ఆయనే అని నా అనుమానం.) అందుకని లోపల ఊరే చెమ్మ దానంతటది జారిపోదు. గోడలకున్న సన్నటి నూగు దాన్ని కొంచెం కొంచెంగా పైకి తోసుకుంటూ పోవాలి. జలుబు చేసి తూము వాచిందా, దారి బంద్. నిలిచిన నీరు మురుగుతుంది. గట్టి వాన పడ్డ మర్నాడు బెళ్లందూరు వైపు రింగు రోడ్డు చూసినవాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

తెలుగువాడికి ముక్కు కేవలం ఊపిరికే కాదు, వ్యాకరణానికి కూడా కావాలి. అనునాసికాలు ముక్కు సాయం లేనిదే పలకవు. అది మూసుకుంటే మకారం బకారమవుతుంది, నకారం దకారమవుతుంది. ఈ సంధిసూత్రాన్ని మొదట కనిపెట్టింది తెనాలిలో ఉన్న మా అమ్మ.

"అబ్బా, దేదు" అన్నాను ఫోన్లో.

"అబ్బా ఏమిట్రా, ఎక్కడ తగిలింది?"

"తగల్లేదు. బుక్కు."

"బుక్కేంటి, ఈ వేళప్పుడు? అన్నం తిన్నావా?"

"అద్దం తిద్దాదు."

కొడుకు ఊరుగాని ఊళ్లో అద్దాలు తింటున్నాడని తెలిస్తే ఏ తల్లి నిద్రపోతుంది? మొదటి ఏడాది కంగారుపడింది. రెండో ఏడాదికి అలవాటైంది. ఇప్పుడైతే నా భాష ఆవిడకి నాకన్నా బాగా వచ్చు. మధ్యవర్తిగా మా నాన్నకి అనువాదం చేసి పెడుతుంది కూడా.

పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. పది సలహాల పెట్టు అని కూడా ఉండాల్సింది, వేగంగా చెప్పేటప్పుడు జారిపోయినట్టుంది. వాము వేయించి మూటకట్టి పీల్చమని ఒకరు, పసుపుకొమ్ము కాల్చి పొగ పట్టమని ఒకరు. ఆ పొగకి మా ఫ్లాట్‌లో అగ్నిప్రమాదపు గంట మోగి పద్నాలుగు అంతస్తులవాళ్లు మెట్లు దిగారు. ఆనాడు కింద నిలబడ్డ తెలుగువాళ్లలో నలుగురు నా దగ్గరకొచ్చి పసుపుకొమ్ము ఏ చేతితో పట్టుకున్నానో అడిగారు. పెరుగు మానేయమన్నవాళ్ల జాబితా వేరే ఉంది. గుంటూరు జిల్లావాణ్ణి పెరుగు మానమనడం అంటే భోజనంలో చివరి అంకం కత్తిరించేయడం. ఆవకాయతో మొదలుపెట్టి పప్పుతో ముగించి లేవగలిగే మనిషి ఎవరైనా ఉంటే అతని మీద నాకు నమ్మకం కుదరదు.

ఇక్కడ ఒక మహానుభావుణ్ణి తలుచుకోవాలి. పరాయి ఊళ్లో తెలుగువాడికి తల పగిలిపోతుందన్న సత్యాన్ని మనందరికన్నా ముందు గ్రహించినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో కూర్చుని అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ పచ్చటి సీసా లేని తెలుగు సూట్‌కేసు నేను చూడలేదు. అయితే ఆవిరిలో వేసుకునే పుదీనా పువ్వు, అదే మెంథాల్, గురించి డాక్టర్లు చెప్పే మాట వింటే గుండె తరుక్కుపోతుంది: అది ముక్కు తెరవదట. లోపలి చల్లదనం నరాన్ని తట్టి, తెరుచుకున్నట్టు మనకి అనిపించేలా చేస్తుందట, అంతే. అంటే మన ఎన్నికల హామీల తరహా మందన్నమాట.

మా బావ ఒకడు ఆస్టిన్‌లో ఉంటాడు. వాడికీ సైనసే. కానీ వాడి సైనస్‌కున్న గౌరవం నా దానికి లేదు. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొండ సీడర్ చెట్ల పుప్పొడి గాల్లో పొగలా లేస్తుంది. దాంతో వచ్చే బాధకి 'సీడర్ ఫీవర్' అని పేరే పెట్టుకున్నారు. నిజానికి అది సీడర్ కాదు, జూనిపర్ జాతి. అందులో ఫీవరూ ఉండదు. అయినా పెళ్లిళ్లలో వాడు ఆ రెండు మాటలూ పలగ్గానే చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చుంటారు. నేను తుమ్మితే మాత్రం "బెంగళూరు రొంప రా, మామూలే" అని పిల్లల్ని పక్కకి లాగుతారు. విదేశాల్లో వచ్చిన చీమిడికి కూడా వీసా విలువ ఉంటుంది మరి.

కొసమెరుపేమిటంటే, బావ అటు వెళ్తే అటునుంచి ఇటొచ్చింది ఒకటి. వయ్యారిభామ. అమెరికా ఖండాల మొక్క. 1950ల్లో పుణె దగ్గర కనిపించింది, దిగుమతి గోధుమలతో కలిసి వచ్చిందంటారు. ఇక్కడివాళ్లు 'కాంగ్రెస్' అని పిలుస్తారు, మనం మాత్రం తెల్లపూల కిరీటం చూసి మోసపోయి వయ్యారం అంటగట్టాం. బెంగళూరులో ఖాళీ సైటు ధర మనం పలకలేం గానీ, అది పైసా అడ్వాన్సు కట్టకుండా ప్రతి సైటులోనూ కాపురం పెట్టేసింది. ముక్కు డాక్టర్లు అనుమానితుల జాబితాలో దాన్ని ముందు వరసలో పెడతారు. మా లేఅవుట్‌వాళ్లేమో జనవరి రాగానే గులాబీరంగు టబేబుయా చెట్ల కింద ఫొటోలు దిగి, తుమ్ము రాగానే ఆ పూలనే తిడతారు. పాపం ఆ పూల పుప్పొడి తేనెటీగల కాళ్లకి అంటుకునే రకం, గాలికెగిరి మన ముక్కుల దాకా వచ్చే ఓపిక దానికి లేదు. అందంగా కనబడ్డవాళ్ల మీద నింద వేయడం మనకి కొత్త కాదు. అసలు దోషి చెప్పుల కింద నలుగుతూ నవ్వుతుంటుంది.

ఇంతవరకూ ప్రతివాదుల సంగతి. ఇప్పుడు కక్షిదారు తరఫు లాయరుగా నేను దాచకూడని విషయం ఒకటుంది. ముక్కు చుక్కలు.

మెడికల్ షాపులో చీటీ అడగరు. చిన్న సీసా, పది మిల్లీలీటర్లు. తల వెనక్కి వాల్చి రెండేసి చుక్కలు వేసుకుంటే రెండు నిమిషాల్లో ముక్కు రింగు రోడ్డు మీద ఆదివారం ఉదయంలా ఖాళీ అయిపోతుంది. అయిదు రోజులు దాటి వాడొద్దని కాగితం మీద రాసే ఉంటుంది. చీమ తలకాయంత అక్షరాల్లో. నేను పద్నాలుగు నెలలు వాడాను. అయిదో రోజు తర్వాత మందు దిగగానే ముక్కు పగబట్టినట్టు ఇంకా వాస్తుంది. దానికి మళ్లీ మందు. వడ్డీ కట్టడానికి అప్పు చేసినట్టు. ఒక సీసా దిండు కింద, ఒకటి ఆఫీసు సొరుగులో, ఒకటి చొక్కా జేబులో. ఒకసారి మారతహళ్లి బ్రిడ్జి దాటాక జేబు తడుముకుంటే సీసా లేదు. ఆటో వెనక్కి తిప్పమన్నాను. అతను "ఏన్ మర్తిద్రి సార్, పర్సా?" అని అడిగాడు. పర్సు మర్చిపోయుంటే అంత దూరం వెనక్కి వెళ్లేవాణ్ణి కాదు.

చివరికి ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆసుపత్రి పేరు చెప్పను. ముక్కుపిండి వసూలు చేయడం అన్న నానుడిని అక్షరాలా అమలుచేసే చోటని మాత్రం చెబుతాను. వెయిటింగ్ హాలంతా మా భాషవాళ్లే, అంటే నోటితో ఊపిరి తీసేవాళ్లు. పేరు పిలిస్తే "బేబే" అని లేస్తున్నారు.

"ఎష్టు దిన ఆయ్తు?" అన్నారు డాక్టరుగారు, ఎన్నాళ్లయింది అని.

"హదిదాల్కు తిగ్గళు" అన్నాను. కన్నడానికీ సూత్రం అదే.

ఆయన తడుముకోకుండా 'హదినాల్కు తింగళు', అంటే పద్నాలుగు నెలలు, అని రాసుకున్నారు. పన్నెండు వారాలు దాటితే దీర్ఘకాలికం కింద లెక్కట. గొట్టం లోపలికి పంపి టీవీలో చూపించారు. బొర్రా గుహలకి టికెట్ లేకుండా వెళ్లొచ్చినట్టుంది. ఆస్ట్రియాలో మెసెర్‌క్లింగర్ అనే డాక్టరు ఇలాగే గొట్టంతో తొంగిచూసి చూసి, గొడవంతా గదిలో కాదు, తూము దగ్గరుందని తేల్చాడట. మా అపార్టుమెంటు అసోసియేషన్‌కి ఈ ముక్క చెప్పాలి.

తర్వాత స్కాన్ ఫిల్మ్ లైటుకి ఎత్తిపట్టి, "నిమ్మ మూగు నేరవాగిల్ల" అన్నారు. మీ ముక్కు నిటారుగా లేదు అని. నాకు నోట మాట రాలేదు. మా తాత ముక్కుసూటి మనిషని ఊరంతా చెప్పుకునేవారు. ఆ ముక్కుసూటిదనం వల్లే రెండెకరాలు, ఒక వియ్యంకుణ్ణి పోగొట్టుకున్నాడు. మూడు తరాల పరువు ఒక్క స్కాన్ ఫిల్మ్‌లో ఎడమవైపుకి ఒరిగిపోయింది. నా మొహం చూసి ఆయనే ఓదార్చారు: నడిమి గోడ అచ్చంగా నిటారుగా ఉన్నవాళ్లు చాలా తక్కువట, కోయాల్సిన పనిలేదట. చుక్కలు మాత్రం ఈరోజే పారేయమన్నారు. బదులుగా ఒక స్ప్రే రాసి, రోజూ కొట్టుకోవాలి, వారాల తరబడి, ఓపిగ్గా అన్నారు. ఎడమ ముక్కులోకి కుడిచేత్తో, నడిమి గోడకి కాక బయటి వైపుకి. ఏడాది కిందట ఇంకో డాక్టరు రాసిన ఇదే స్ప్రేని నేను గోడకి సున్నం కొట్టినట్టు నాలుగు రోజులు కొట్టి అవతల పారేశాను.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమన్నారు కూడా, జలనేతి. మా బోరు నీళ్లకి వేరే ఉప్పెందుకని అడగబోయి ఊరుకున్నాను. ఆయన మాత్రం నవ్వకుండా చెప్పారు: కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కొళాయి నీళ్లు వద్దు. అమెరికాలో లూసియానాలో 2011లో కొళాయి నీళ్లతో కడుక్కున్న ఇద్దరు మెదడుకి అమీబా ఎక్కి చనిపోయారు. వ్యంగ్యవ్యాసంలో ఇది ఎందుకంటారా? మా అమ్మ నాతో చెప్పించింది.

ఆరు వారాలు గడిచాయి. మే నెల వచ్చింది. "అంత ఎండలోకా? ఇక్కడ వెదర్..." అని ఆఫీసులో అందరూ జాలిపడుతుండగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రాత్రి నంద్యాల దాటాక రైలు నల్లమల సొరంగంలో దూరింది. అదే సమయానికి నాలో మూతబడ్డ రెండు సొరంగాలు తెరుచుకున్నాయి. స్ప్రే మహిమో, ఏసీ ఆఫీసుకి సెలవు పెట్టిన పుణ్యమో తెలీదు. పద్నాలుగు నెలల తర్వాత నాకు అందిన మొట్టమొదటి వాసన పై బెర్తాయన సాక్సులది. కళ్లనీళ్లు తిరిగాయి. రెండు కారణాల వల్లా.

తెల్లారకముందే నరసరావుపేటలో సిగ్నల్ దొరికింది. ఫోన్ చేశాను.

"అమ్మా, నేను. బండి టైముకే వస్తోంది."

అవతల కాసేపు మాట లేదు.

"ఎవరండీ మాట్లాడేది?"

"నేనేనమ్మా!"

"చూడు బాబూ, ఇట్లా తెల్లారగట్ల ఫోన్లు చేసి కొడుకునని చెప్పే మోసాల గురించి టీవీలో చూశాంలే. మావాడి గొంతు నాకు తెలియదా? పెట్టెయ్యి."

చుట్టూ చూశాను. అందరూ నిద్రలో ఉన్నారు. రెండు వేళ్లతో ముక్కు గట్టిగా పట్టుకున్నాను.

"అబ్బా, దేదే."

"ఆఁ, నువ్వా నాయనా! ముందే చెప్పొద్దూ. అద్దం తిద్దావా?"