కోపం ఆవిరేనా? ఇద్దరు వియ్యంకుల వాదోపవాదం

బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంటు, తొమ్మిదో అంతస్తు బాల్కనీ. కొడుకూ కోడలూ ఆఫీసుల నుంచి ఇంకా రాలేదు. అబ్బాయి తండ్రి ఈ ఊళ్ళోనే ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి తండ్రి అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధించారు. వియ్యంకులు కనుక ఒకరినొకరు ‘బావగారూ’ అని పిలుచుకుంటారు. ఎంత గట్టిగా విభేదించినా ఆ మర్యాద దాటరు. వాదం కల్పితమే గానీ ఇందులో ప్రస్తావనకు వచ్చిన పరిశోధనలన్నీ జరిగినవే.

అబ్బాయి తండ్రి: డబ్బు కట్టించుకుని సీసాలూ పాత కంప్యూటర్లూ పగలగొట్టనిచ్చే గదులు ఈ ఊళ్ళోకి వచ్చాయని మీరు వినే ఉంటారు, బావగారూ. పోయిన శనివారం మా వాడు వెళ్ళివచ్చాడు. తలకు హెల్మెట్టు పెట్టి, చేతికి బ్యాటు ఇచ్చి లోపలికి పంపారట. వచ్చాక ముఖం తేటపడింది, కడుపునిండా తిని హాయిగా పడుకున్నాడు. ఆఫీసులో మేనేజరు చేత మాటలు పడి, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఇంటికి చేరేసరికి వాడిలో పేరుకునే కోపానికి ఏదో ఒక దారి ఉండాలి కదా. ప్రెషర్ కుక్కర్‌కు విజిల్ ఎందుకు పెడతారో ఇంజనీరుగా నాకు తెలుసు. ఆవిరి పోయే దారి లేకపోతే మూత ఎగిరిపోతుంది. మనిషీ అంతే. కోపాన్ని వెళ్ళగక్కడమే ఆరోగ్యమని నా వాదం.

అమ్మాయి తండ్రి: మీ ఉపమానానికి పెద్ద వంశమే ఉంది. 1895లో వియన్నాలో జోసెఫ్ బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ హిస్టీరియా రోగుల మీద ప్రచురించిన అధ్యయనాల్లో, లోపల అణిగిపోయిన ఉద్వేగాన్ని మాటల రూపంలో బయటికి రప్పిస్తే రోగ లక్షణాలు తగ్గుతాయని రాశారు. ఆ ప్రక్రియకు వారు పెట్టిన ‘కెథార్సిస్’ అన్న పేరును, విషాద నాటకం ప్రేక్షకుడిలోని జాలినీ భయాన్నీ ప్రక్షాళన చేస్తుందన్న అరిస్టాటిల్ మాట నుంచి తీసుకున్నారు. అయితే వైద్యుడి ఎదుట కూర్చుని పాత బాధను తవ్వి చెప్పుకోవడం వేరు, సీసా మీద బ్యాటు విసరడం వేరు. ఆవిరి వదిలిన తర్వాత కుక్కర్‌లో ఒత్తిడి తగ్గిందో లేదో మీరు కొలుస్తారు. మావాళ్ళు కోపాన్నీ అలాగే కొలిచి చూశారు, తగ్గలేదు.

అబ్బాయి తండ్రి: కోపాన్ని కొలిచే మీటరు ఏది?

అమ్మాయి తండ్రి: నేరుగా కొలిచే మీటరు లేదు, కానీ మనిషి ఎంత కసిగా ప్రవర్తిస్తాడో చూడవచ్చు. అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది విద్యార్థులతో చేసి, 2002లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ప్రతి ఒక్కరి చేతా ఒక వ్యాసం రాయించి, ఇంత చెత్త వ్యాసం ఎన్నడూ చదవలేదన్న అర్థం వచ్చే వ్యాఖ్యను, కంటికి కనిపించని మరో విద్యార్థి రాసినట్టుగా వారికి అందించారు. ఆ తర్వాత కొందరు ఆ వ్యాఖ్య రాసినవాడిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని బాదారు, కొందరు వ్యాయామం గురించి ఆలోచిస్తూ బాదారు, మిగిలినవారు రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. చివర్లో ఒక ఆట పెట్టి, అవతలివాడి చెవుల్లోకి భరించలేని శబ్దాన్ని పంపే అవకాశం ఇచ్చారు. ఎంత పెద్ద శబ్దం, ఎంతసేపు అన్నది వారి ఇష్టం. తలుచుకుంటూ బాదినవారికే అందరికన్నా ఎక్కువ కోపం మిగిలింది, వారే అందరికన్నా కటువుగా శబ్దం పంపారు. అందరికన్నా మెత్తగా ప్రవర్తించింది ఏమీ చేయకుండా కూర్చున్నవారు.

అబ్బాయి తండ్రి: ముక్కూ ముఖమూ తెలియనివాడు వ్యాసాన్ని తిట్టడం ఒక అవమానమా, బావగారూ? ఏళ్ళ తరబడి ఒకే మేనేజరు కింద నలిగినవాడికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? పైగా మా వాడికి తేలికగా అనిపించిన మాట నిజం. తిట్టు కూడా మందేనని ఇంగ్లండులో నిరూపించారట. మంచులాంటి నీళ్ళలో చెయ్యి పెట్టి బూతు మాట అంటూ ఉంటే ఆ నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకోగలిగారని నేనూ చదివాను.

అమ్మాయి తండ్రి: చదివింది సరైనదే, అది కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో ప్రచురించినది. కానీ అది ఒంటి నొప్పికి సంబంధించినది. తేలికగా అనిపించిందన్న మాటను నేను కాదనడం లేదు, నా భయమంతా ఆ తేలికదనం గురించే. ఏ పని చేసిన వెంటనే హాయి కలుగుతుందో ఆ పనిని ప్రాణి మళ్ళీ మళ్ళీ చేస్తుందని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ కాలం నుంచీ చెబుతున్నాం. బాది హాయి పొందినవాడు కోపం వదిలించుకోవడం లేదు, కోపం వస్తే బాదాలన్న అలవాటును సాధన చేస్తున్నాడు. 2024లో సోఫీ షెర్విక్, బుష్‌మన్ కలిసి 154 అధ్యయనాలను, అంటే పది వేలకు పైగా మనుషుల వివరాలను, ఒకచోట చేర్చి చూశారు. శ్వాస మీద ధ్యాస, ధ్యానం, కండరాలను సడలించడం వంటి, ఒంటి వేడిని దించే పనులన్నీ కోపాన్ని తగ్గించాయి. ఒంటి వేడిని పెంచే పనులు మొత్తం మీద తగ్గించలేదు, జాగింగ్ అయితే పెంచింది కూడా.

అబ్బాయి తండ్రి: జాగింగ్ కూడానా! అగర చెరువు చుట్టూ తెల్లవారుజామున పరుగెత్తే జనమంతా కోపం పెంచుకుంటున్నారా?

అమ్మాయి తండ్రి: వారు గుండె కోసం పరుగెత్తుతున్నారు, అది మంచిదే. కోపంగా ఉన్నప్పుడు కోపం పోవడానికి పరుగెత్తితే ఏమవుతుందన్నది మాత్రమే ఇక్కడి ప్రశ్న.

అబ్బాయి తండ్రి: సరే, బయటికి వదలకూడదు. అయితే మింగమంటారా? మా అమ్మ నలభై ఏళ్ళు ఉమ్మడి కుటుంబంలో ఒక్క మాట ఎదురు చెప్పకుండా బతికింది. అందరూ ఆమెను శాంతమూర్తి అన్నారు. ఆ శాంతం ఏమిటో రాత్రిళ్ళు ఆమె పక్కన పడుకున్న నాకు తెలుసు, బావగారూ. మింగిన కోపం ఎక్కడికీ పోదు. మీ శాస్త్రం ఆడవాళ్ళకు మా నాయనమ్మ చెప్పిన నీతినే అంకెలు వేసి మళ్ళీ చెబుతోందా?

(ఈ వాదం మొత్తంలో అబ్బాయి తండ్రి వేసిన గట్టి ప్రశ్న ఇదే. లెక్చరరుగారు జవాబు చెప్పడానికి కొంత సమయం తీసుకున్నారు.)

అమ్మాయి తండ్రి: చెప్పడం లేదు. మింగడం గురించి మీరన్నదే శాస్త్రమూ అంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ 1998లో ప్రచురించిన ప్రయోగంలో, చేతిని కోసి తొలగించే శస్త్రచికిత్స దృశ్యాన్ని చూపించి, కొందరిని ముఖంలో ఏ భావమూ కనబడనివ్వవద్దన్నారు, కొందరిని ఆ దృశ్యాన్ని వైద్యపరంగా, తమకు సంబంధం లేనట్టుగా చూడమన్నారు. ముఖాన్ని బిగపట్టినవారికి లోపలి జుగుప్స ఏమీ తగ్గలేదు, పైగా శరీరంలో ఒత్తిడి గుర్తులు పెరిగాయి. చూసే తీరు మార్చుకున్నవారికి జుగుప్సే తగ్గింది. 2003లో ఎమిలీ బట్లర్, గ్రాస్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరేసి స్త్రీలకు యుద్ధ విధ్వంసం మీద ఒక చిత్రం చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. జంటలో ఒకరికి మాత్రం, భావాలేవీ బయటపెట్టవద్దని రహస్యంగా చెప్పారు. అప్పుడు ఆ రహస్యం తెలియని రెండో స్త్రీకి కూడా రక్తపోటు పెరిగింది. మింగేవారి ఎదుట కూర్చున్నవారి ఒంటికి కూడా ఆ సంగతి తెలిసిపోతుందన్నమాట.

అబ్బాయి తండ్రి: కక్కకూడదు, మింగకూడదు. మరి నోట్లో పెట్టుకుని కూర్చోవాలా?

అమ్మాయి తండ్రి: కోపం ఒక పదార్థం అనుకున్నంతకాలం ఆ రెండు దారులే కనిపిస్తాయి. నేను దాన్ని పదార్థం అనుకోను. ఒంట్లో రేగిన అలజడీ, ఆ అలజడికి మనసు చెప్పుకునే కారణమూ, ఈ రెండూ కలిస్తేనే కోపం. స్టాన్లీ షాక్టర్, జెరోమ్ సింగర్ 1962లో ప్రతిపాదించిన ఈ సిద్ధాంతానికి అప్పటి ప్రయోగం బలహీనమైన ఆధారమేనన్న విమర్శ ఉంది, ఆ విమర్శను నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ దారిలో డాల్ఫ్ జిల్‌మన్ చూపించిన ఒక సంగతి మాత్రం ఈ ఊళ్ళో రోజూ రుజువవుతుంది. ఒకచోట రేగిన అలజడి వెంటనే చల్లారదు. ఇంకా మిగిలి ఉండగా వేరొకచోట చిన్న చికాకు ఎదురైతే, ఆ మిగులు కూడా ఈ చికాకు ఖాతాలోనే పడుతుంది. సిల్క్ బోర్డు దగ్గర రేగిన గుండె ఇంటి లిఫ్టులో ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. లోపలికి వచ్చేసరికి కూరలో ఉప్పు కాస్త ఎక్కువైందనుకోండి, ఆ కోపమంతా ఉప్పు వల్లే వచ్చిందని మనిషి మనస్ఫూర్తిగా నమ్ముతాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమని మనవాళ్ళు ఎన్నడో అన్నారు. అక్కడ కోడలికి తన కోపం అత్త మీదేనని తెలుసు. ఇక్కడ ఆ తెలివిడి కూడా ఉండదు.

అబ్బాయి తండ్రి: అందుకని కారు దిగి పార్కింగ్‌లో తపస్సు చేసి రమ్మంటారా?

అమ్మాయి తండ్రి: కాసేపు కూర్చుని రమ్మంటాను, అది తపస్సే అయితే అలాగే అనుకోండి. ఆ కూర్చున్నప్పుడు మనసు చెప్పుకున్న కారణాన్ని కూడా ఒకసారి తడిమి చూడమంటాను. లైను తప్పించి ముందుకు దూరినవాడిని మనం పొగరుబోతు అంటాం. మనమే దూరితే ఆసుపత్రికి ఆలస్యమవుతోందంటాం. ఇతరుల పనికి వారి స్వభావమే కారణమని, పరిస్థితిని లెక్కలోకి తీసుకోకుండా తీర్పు చెప్పే ఈ పొరపాటును లీ రాస్ 1977లో మౌలికమైన పొరపాటు అన్నాడు. ఇక మాటల్లో చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోవచ్చు, రాసుకోవచ్చు. జేమ్స్ పెన్‌బేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో, జరిగిన బాధాకరమైన సంఘటననూ దాని మీది తమ భావాలనూ కలిపి వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున రాసిన విద్యార్థులు, ఆ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్ళారు. అది కక్కడం కాదు, జరిగినదాన్ని ఒక వరుసలో పెట్టుకోవడం.

అబ్బాయి తండ్రి: మీరు కోపాన్ని మొదటి నుంచీ జబ్బులాగే చూస్తున్నారు, బావగారూ, నాకు అక్కడే అభ్యంతరం. 2024 వేసవిలో ఈ ఊరికి నీళ్ళ కరువు వచ్చినప్పుడు, ట్యాంకర్ల ధర మీద ఈ అపార్ట్‌మెంటు మీటింగులో మేము గొంతెత్తి అరిస్తేనే లెక్కలు బయటికి వచ్చాయి. అందరం శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చుని ఉంటే లెక్కలకు బదులు మాకు ప్రశాంతత దొరికేది.

అమ్మాయి తండ్రి: ఆ అరుపును నేను కక్కడం అనను. మీకు జేమ్స్ అవెరిల్ తోడు ఉన్నాడు. మామూలు మనుషుల మామూలు కోపాలను సేకరించి చూసి, వాటిలో చేయి చేసుకోవడం అరుదని, ఎదుటివారి కోపానికి గురైనవారిలో చాలామంది దానివల్ల తమ తప్పు తెలుసుకున్నామన్నారని ఆయన 1983లో రాశాడు. మీరు అరిచింది లెక్కలు చెప్పవలసిన మనిషి మీద, చెప్పవలసిన విషయం గురించి. జవాబు వచ్చింది కనుక ఆగిపోయారు. సీసాకు జవాబు చెప్పే నోరు లేదు. మరో సంగతి కూడా అవెరిల్ లెక్కల్లో ఉంది. మన కోపం ఎక్కువగా పరాయివారి మీదికి కాకుండా, తెలిసినవారి మీదికి, ప్రేమించేవారి మీదికి పోతుంది.

అబ్బాయి తండ్రి: పేదవాని కోపం పెదవికి చేటు అన్నారు. మా వాడు మేనేజరును ఏమీ అనలేడు. ఈఎంఐలు ఉన్నాయి.

అమ్మాయి తండ్రి: నేను అడగదలచుకున్నది అక్కడి నుంచే మొదలవుతుంది. జాక్ హొకాన్సన్ 1960ల మొదట్లో మనుషులకు తమను విసిగించినవారి మీద ఎదురుదాడికి అవకాశం ఇచ్చి, వారి రక్తపోటు కొలిచాడు. ఇది మీ వాదానికి బలమిచ్చే ప్రయోగమే, దాచను. ఎదురుదాడి చేసినవారికి రక్తపోటు త్వరగా దిగింది. అయితే విసిగించినవాడు తమకన్నా తక్కువ హోదావాడైతేనే దిగింది, పై హోదావాడైతే దిగలేదు. అంటే ఆ హాయి దొరికేది తిరిగి ఏమీ అనలేనివారి దగ్గరే. గేటు దగ్గర పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన డెలివరీ కుర్రవాడు ఏమీ అనలేడు. పనిమనిషి ఏమీ అనలేదు. శనివారం గదికి డబ్బు కట్టి వెళతాడు సరే, మిగిలిన ఆరు రోజులూ ఆ బ్యాటు ఎక్కడ పడుతోందని, బావగారూ?

(అబ్బాయి తండ్రి కాసేపు కింద రోడ్డు మీది కార్ల బారును చూశారు.)

అబ్బాయి తండ్రి: అమ్మాయి మీతో ఏమైనా చెప్పిందా?

అమ్మాయి తండ్రి: చెప్పలేదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర అల్లుడుగారు ఫోనులో ఎవరి మీదో అరుస్తూ కంచం పక్కకు నెట్టినప్పుడు, అది ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా చారు వడ్డించింది. చిన్నప్పుడు బలపం విరిగినా వీధంతా వినబడేలా ఏడ్చిన పిల్ల.

అబ్బాయి తండ్రి: నేను అప్పుడు వార్తలు చూస్తున్నాను.

అమ్మాయి తండ్రి: చూస్తున్నారు. మీ పక్కనే కూర్చుని నేనూ ఏమీ అనలేదు. పిల్లనిచ్చినవాడిని.

అబ్బాయి తండ్రి: ఆ గదికి వెళ్ళవద్దని మాత్రం వాడితో చెప్పను, బావగారూ. అది వాడి డబ్బు, వాడి శనివారం.

అమ్మాయి తండ్రి: వెళ్ళనివ్వండి. మేనేజరు ముఖాన్ని తలుచుకోకుండా పగలగొట్టుకోమనండి. బుష్‌మన్ ప్రయోగంలో వేరే ఆలోచనతో బాదినవారికి, తలుచుకుంటూ బాదినవారికన్నా కోపం తక్కువే మిగిలింది. ఊరికే కూర్చున్నవారికన్నా మేలు జరిగిందని మాత్రం నేను చెప్పలేను.

అబ్బాయి తండ్రి: రెండో సంగతి నేనే మాట్లాడతాను. ఈ రాత్రే మాట్లాడతాను.

అమ్మాయి తండ్రి: ఈ రాత్రి వద్దు. వాడు సిల్క్ బోర్డు దాటి వస్తాడు, మీ గొంతు ఇప్పటికే పెరిగింది. ఆదివారం ఉదయం కాఫీ తాగాక, నన్నూ అమ్మాయినీ కూరగాయలకు పంపించి మాట్లాడండి.