కొలత నేర్పేవారి గురించి మరికొంత రాయండి

గుండెజబ్బు ముప్పును అంచనా వేసే పరిశోధనతో పాటు నర్సులకూ యువ వైద్యులకూ రక్తపోటు కొలవడంలో శిక్షణ ఇస్తున్న పరిశోధకుడి గురించి మీ వ్యాసంలో రాశారు. ఆ శిక్షణకు ఒక్క పేరానే దక్కింది. నా దృష్టిలో అసలు విషయం అదే.

గుండెజబ్బుల కారణాలు తెలుసుకోవడానికి అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించింది. నేటి ముప్పు లెక్కల్లో చాలావాటికి అదే పునాది. అయితే ఆ లెక్కలో వేసే రక్తపోటు అంకే తప్పయితే ఫలితం ఏమవుతుంది? 2015లో అమెరికాలో 159 మంది వైద్య విద్యార్థులకు రక్తపోటు కొలవడంలో పరీక్ష పెడితే, 11 అంశాలనూ సరిగ్గా పాటించింది ఒకే ఒక్కరు! ఇది వాళ్ల తప్పు కాదు, నేర్పడంలో ఉన్న లోటు.

ఒకసారి మా నాన్నగారు ఆసుపత్రి మెట్లెక్కి రాగానే, అక్కడి సిబ్బంది చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, ఆయనతో మాట్లాడుతూనే రక్తపోటు కొలిచారు. మందు మోతాదు పెంచబోతుంటే ఒక సీనియర్ నర్సు ఆపారు. ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తులో ఉంచి రెండుసార్లు కొలిచారు. అంకె బాగా తగ్గింది, మోతాదు మారలేదు. ఆమెకు ఇది ఎవరు నేర్పారో కానీ, వారికి మేము రుణపడి ఉన్నాం.

ఒకసారి నేర్చుకున్న పద్ధతి కొన్నేళ్లకు సడలిపోతుంది కదా. ఆ పరిశోధకుడు తన దగ్గర శిక్షణ పొందినవారిని మళ్లీ పరీక్షిస్తున్నారా? తరువాతి వ్యాసంలో దయచేసి అడిగి రాయండి.