‘సైకిల్ మీద ఆఫీసా?’ అన్న వాట్సాప్ పోస్టుకు నా జవాబు

పోయిన వారం మా ఏనుగొండ కాలనీ గ్రూపులో ఒక పోస్టు పడింది. అంతకుముందే చుట్టాల గ్రూపులో చూశాను. పదో తరగతి బ్యాచ్ గ్రూపులోనైతే రెండుసార్లు వచ్చింది. ‘సైకిల్ తొక్కమని నీతులు చెప్పేవాళ్లకు ఒక సామాన్యుడి ప్రశ్నలు’ అట. అందులో ఉన్నది ఇంతే: మన ఎండలకు సైకిల్ మీద ఆఫీసుకు పోతే చెమట కంపు. దూరాలు ఎక్కువ. లారీల కింద పడి చస్తారు. ఆడవాళ్లకు అసలే కుదరదు. సైకిల్ హాలండోళ్ల సంస్కృతి, మనది కాదు. సైకిల్ మీద వచ్చేవానికి ఆఫీసులో విలువ ఉండదు. చివర మామూలే, నిజమనిపిస్తే పది మందికి పంపాలె.

నాకు నలభై ఆరేళ్లు. ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. రెండేళ్లుగా ఏనుగొండ నుంచి మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దాకా సైకిల్ మీదే పోయి వస్తున్నాను. పోస్టు రాసినాయన తొక్కి రాశాడో, తొక్కకుండా రాశాడో గాని, తొక్కేవాడిగా నేను చెప్పేది వినండి.

ముందు ఎండ. ఆయన మే నెల మధ్యాహ్నాన్ని పట్టుకుని ఏడాది మొత్తానికి తీర్పు చెప్పేశాడు. మా పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, ఎండాకాలం నలభై దాటుతుంది, కాదనను. కానీ ఆఫీసుకు పోయేది పొద్దున తొమ్మిదింటికి. జూన్‌లో మొగులు పట్టిన కాన్నుంచి శివరాత్రి దాకా ఆ పూట ఎండకు ఎవరికీ ఏమీ కాదు. ఏప్రిల్, మే సాయంత్రాలు మాత్రం రోడ్డు సెగ కొడుతుంది. అప్పుడు కొన్ని రోజులు నేనూ బండే తీస్తాను. మేలో రెండు వారాలు నా సైకిల్ గోడకే ఆని ఉంటుంది. రెండు వారాలు ఆగిందని మిగతా యాభై వారాలు ఆపుకోవాలా?

చెమట పడుతుంది, నిజమే. నేను బనీను మీద తొక్కుతాను, చొక్కా సంచిలో మడత పెట్టుకుంటాను. పోయినాక మొహం, చేతులు, మెడ కడుక్కుని పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుంటే ఆరిపోతుంది. దీనికి కావలసింది ఒక నల్లా, తలుపున్న ఒక గది. మా ఆఫీసులో అలాంటి బాత్రూం ఒకటే ఉండేది, దాని తాళంచెవి మేనేజరు గారి సొరుగులో ఉండేది. మొదటి నెలంతా నేను పక్క హోటల్లో చేతులు కడిగే నల్లా దగ్గర మొహం కడుక్కున్నాను, ఊరికే కడుక్కుంటే బాగుండదని రోజూ ఒక చాయ్ తాగాను. కంపు సంగతి తేలాలంటే ముందు ఆ తాళంచెవి సంగతి తేలాలి.

ఆ తాళంచెవి అడిగితే ఆఫీసులో ‘ఇవన్నీ పెద్ద కంపెనీల షోకులు’ అన్నారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షన్‌లోనే కార్మికులు కడుక్కోవడానికి సరైన వసతి పెట్టాలని రాశారు. పనిలో వేసుకోని బట్టలు పెట్టుకోవడానికి, తడిసినవి ఆరేసుకోవడానికి చోటు ఉండాలని రాష్ట్రాలు నిబంధన పెట్టవచ్చని 43వ సెక్షన్ చెప్పింది. అప్పట్లో మిల్లు కూలీకి రాసిన వసతి ఇప్పుడు గుమస్తా అడిగితే షోకు అయిపోయింది.

దూరం గురించి ఎక్కువ వాదన అక్కర్లేదు. రోజూ జడ్చర్ల నుంచి వచ్చేవాణ్ని, హైదరాబాదుకు రైలెక్కేవాణ్ని సైకిల్ తొక్కమని ఎవరూ అనలేదు. ఊళ్లో ఉండి ఊళ్లోనే పనిచేసేవాళ్ల మాట ఇది. నాకు రానూ పోనూ ఎనిమిది కిలోమీటర్లు, ఒక్కో పూటకు ఇరవై నిమిషాలు. నెలకు ఇరవై ఆరు రోజులు బండి మీద తిరిగితే, లీటరుకు నలభై అయిదు కిలోమీటర్లు ఇచ్చినా, పెట్రోలు నూటేడు రూపాయలున్నప్పటి లెక్కన ఐదు వందల దాకా అవుతుంది. నాకు అదేం పెద్ద సొమ్ము కాదు గాని మా అటెండరుకు పెద్దదే.

ప్రమాదాల మాటను మాత్రం తేలిగ్గా కొట్టిపారేయను. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద పోయినవాళ్లే. సైకిల్ వాళ్లు నూటికి ముగ్గురు. ఇది చూపించి సైకిలే భద్రం అంటే నేనూ ఆ పోస్టు రాసినాయనలాగే అవుతాను, ఎందుకంటే రోడ్డు మీద సైకిళ్లే తక్కువ. కానీ ‘సైకిల్ ప్రమాదం, కాబట్టి బండి కొనుక్కో’ అని సలహా ఇచ్చేవాడు ఆ నలభై నాలుగు సంగతి కూడా చెప్పాలి కదా. జడ్చర్ల రోడ్డు మీద చీకటి పడ్డాక లారీ వెనక నుంచి హారన్ కొడితే నా గుండె కూడా జారుతుంది. వెనక ఎర్ర లైటు బిగించాను, మడ్‌గార్డుకు మెరిసే స్టిక్కరు అతికించాను. అంతకన్నా పనికొచ్చింది వేరే ఉంది. నవంబరు, డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు మునుగుతుంది. ఆ రెండు నెలలు పొద్దున అరగంట ముందు వచ్చి సాయంత్రం అరగంట ముందు పోతానన్నాను, సరే అన్నారు. ఆఫీసుకు పైసా ఖర్చు కాలేదు.

ఆడవాళ్లకు కుదరదట. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటే ఆడవాళ్లకు సైకిల్ నేర్పారు. క్వారీ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు, టీచర్లు, వేల మంది నేర్చుకున్నారు. నేర్పి వదిలేయలేదు, సైకిల్ కొనుక్కోవడానికి అప్పు కూడా ఇప్పించారు. అక్కడి ఎండ మన ఎండ కన్నా చల్లనిదేం కాదు. మా ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేసే అమ్మాయి పదో తరగతి దాకా ఊరి నుంచి బడికి సైకిల్ మీదే పోయిందట. ఇప్పుడెందుకు తొక్కవమ్మా అంటే, ‘తొక్కుడు రాక కాదు సార్, ఏడింటికి ఇడిసిపెడితే చీకట్ల ఎట్ల పోవాలె?’ అంది. చున్నీ పడకుండా చైన్ కవరు వేయించుకోవచ్చు. ఏడు గంటలను ఐదున్నర చేయడం ఆ అమ్మాయి చేతిలో లేదు.

ఇక ‘మన సంస్కృతి కాదు’ అన్న మాట. నవ్వొచ్చింది. మా నాయన తరంలో పెండ్లి మాటల్లో సైకిలు, చేతి గడియారం, రేడియో కట్నంగా అడిగేవాళ్లు. గొప్పగా చెప్పుకునే విషయం కాదు గాని, అల్లుడు సైకిల్ కోసం అలిగిన ఊళ్లు ఇవి. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా వేరే పనులు చేసేవాళ్లలో నూటికి 13 మంది పనికి సైకిల్ మీద పోతున్నామన్నారు. మోటారు బండ్ల మీద పోయేవాళ్లూ దాదాపు అంతే ఉన్నారు. పొద్దున ఏడింటికి అడ్డా మీద నిలబడే మేస్త్రీలను చూస్తే చాలు, హ్యాండిలుకు టిఫిన్ డబ్బా, క్యారేజీకి తాపీ సంచి. పోస్టు రాసినాయనకు వాళ్లు కనబడరు, ఎందుకంటే ఆయన లెక్కలో వాళ్లు పోయేది ఆఫీసుకు కాదు, పనికి.

హాలండ్ వాళ్లూ పుట్టుకతో తొక్కలేదు. 1950, 60లలో అక్కడా కార్లే రోడ్లెక్కాయి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేలకు పైగా చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్డెక్కి కొట్లాడారు. 1973లో చమురు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేశారు. ఇప్పుడు మనం ఫోటోల్లో చూసే సైకిల్ దారుల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత వేసుకున్నవే.

విలువ ఉండదు అన్న చివరి మాట మాత్రం గుచ్చుకుంది, ఎందుకంటే అది నేను అనుభవించాను. మొదటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్ తాత ఆపాడు.

‘సార్, షెడ్డుల బండ్లే పెట్టాలె. సైకిల్ బయట పెట్టుండ్రి.’

‘సైకిల్ బండి కాదా తాతా?’

‘నాకేం ఎర్క సార్, పెద్దసారు నన్నంటడు.’

ఎదురుగా కిరాణా దుకాణం వేప చెట్టుకు గొలుసు కట్టాను. పొద్దున నీడ ఉండె, పది దాటేసరికి జరిగిపోయింది. సాయంత్రం చూస్తే ముందు టైరు నేలకు అంటుకుంది. నెట్టుకుంటూ పంక్చర్ దుకాణానికి పోతే ఆయన ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి తిప్పాడు. పాత అతుకు దగ్గర బుడబుడమని బుడగలు. ‘ఎండకు అతుకు లేసింది సార్, నీడల పెట్టుకోవాలె’ అన్నాడు. మా ఎండకు ముందు ఓడింది నేను కాదు, ట్యూబు.

ఆఫీసులో ‘బండి ఖరాబైందా అన్నా?’ అని వారం రోజులు అడిగారు. ఒకాయన మెల్లగా, ఏమన్నా పైసల ఇబ్బందా అన్నాడు. ప్రేమతోనే అడిగాడు. సైకిలంటే పైసలు లేకనే అనుకుంటారు గాని, సైకిల్ మీద పనిచేసేవాళ్లకు కేంద్ర ప్రభుత్వంలో సైకిల్ అలవెన్సు అని ఒకటి ఉంది. ఏడో వేతన సంఘం దాన్ని ఎత్తేయమంటే, 2017లో ప్రభుత్వం పోస్ట్‌మన్లకు, రైల్వే ట్రాక్‌మన్లకు ఉంచి, నెలకు 90 రూపాయలను 180 చేసింది. కొంచెమే గాని, సైకిల్ మీద చేసే పనికి విలువ కట్టడమంటే అది.

మూడు నెలల తర్వాత సైకిళ్లకు నీడ కావాలని మా సారును అడిగాను. ‘రేకులకు పైసలెక్కడివి’ అన్నాడు. రేకులు వద్దన్నాను. షెడ్డు చివర పాడైన రెండు కూలర్లు, విరిగిన ఫైళ్ల రాకు పడి ఉండేవి. ఒక ఆదివారం నేను, అటెండరు వాటిని పక్కకు జరిపితే ఆరడుగుల జాగ దొరికింది. గొలుసు కట్టడానికి గోడకు ఒక ఇనుప పైపు బిగించాం. బాత్రూం తాళంచెవి ఇప్పుడు మేకుకు వేలాడుతుంది. ఇప్పుడు షెడ్డులో మూడు సైకిళ్లు ఉన్నాయి. నాలుగోది కూడా ఉండె, మోకాలు నొప్పని రెండు వారాలకే ఆయన మళ్లీ బండెక్కాడు. గాలి పంపు వాచ్‌మన్ తాత గదిలో పెట్టాం. టైరు వేలితో నొక్కి చూసి ఆయనే కొట్టి ఇస్తాడు. పైసలు తీసుకోడు, చాయ్ తాగించాలె.